ఆదవాని దుర్గ ప్రదక్షిణము

కర్నూలు జిల్లా పడమటి అంచున, నల్లరేగడి మైదానము నడుమ, ఐదు రాతికొండలు వలయముగా నిలిచియున్నవి. వాని నడుమ పల్లపు నేల కొంత కలదు. వాని పాదములను అంటిపెట్టుకొని ఊరు కలదు. ఆ కొండలపై కోట, ఆ కోట క్రింద బజారు, ఆ బజారు చుట్టు పల్లెలు: ఆదవాని సీమ యనగా పూర్వులకు ఇదియే. ఈ సీమలో పుట్టిపెరిగినవారు ఆ కొండలను దినమును చూచుచునే యుందురు. సంతకు పోవునపుడు చూతురు, రైలెక్కునపుడు చూతురు. అయినను వాని చుట్టును తిరిగి, పైకెక్కి, ఏది ఎందులకు కట్టిరో తెలిసికొన్నవారు తక్కువ. చేరువనున్నదానియందు చులకన సహజమే కదా.

ఆదోని యని నేడు వాడుకలోనున్న పేరు పూర్వము ఆదవాని. మొగలాయీలు దీనిని గెలిచినపుడు ఇంతియాజుగడ మని క్రొత్తపేరు పెట్టిరి. ఆ పేరు కాగితములలో కొంతకాలము నిలిచెనే గాని జనుల నోట నిలువలేదు. బీదరు రాజైన భీమసింహుని కాలమున, అనగా మూడువేల ఏండ్ల క్రిందట, చంద్రసేనుడనువాడు ఈ ఊరు కట్టెనని ఒక కథ కలదు. దానికి ప్రమాణము లేదు. ముదుసళ్లు చెప్పుకొను కథగా విని ఊరకుండుట మేలు. విజయనగర రాజుల కాలమునుండి మాత్రము ఈ దుర్గము చరిత్ర వెలుతురులోనికి వచ్చినది.

దుర్గమును గూర్చి మాటలాడువారెల్లరు దాని గోడలను పొగడుదురు. ఆ గోడలు నేడు చాలవరకు కూలినవి. నిలిచియున్న కాలమునందైనను అవి చేసిన మేలు ఎంతయో కొంచెము ఆలోచింపవలసియున్నది. నాలుగువందల ఏండ్లలో ఈ కోటపై జరిగిన పెద్ద ముట్టడులను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూచినచో, జయాపజయములను తేల్చినది రాతిగోడ కంటె ఎక్కువగా నీరని తోచును. కొండపైనున్న నీరు, ఆకాశమునుండి పడిన నీరు, ఏటిలో పొంగిన నీరు. ఈ మాట నిజమో కాదో ఒకమారు కొండ చుట్టివచ్చిన వారికి తెలియును. చుట్టువలె తిరుగు ఈ నడక కష్టమైనది కాదు. వేకువనే బయలుదేరి, పల్లపు దారులనే నమ్ముకొని నడచినచో పిల్లలు సయితము నడవగలరు. శిఖరములెక్కుట మాత్రము మోకాళ్ల బలమునుబట్టి యుండును.

ప్రదక్షిణములో చరిత్ర వరుసగా రాదు. ముందుది వెనుక, వెనుకది ముందు కానవచ్చును. దానికి విసుగుకొనరాదు.

ఊరిలోని జామియా మసీదు వద్ద మొదలుపెట్టుట అన్నివిధముల అనుకూలము. 17వ శతాబ్దిలో బిజాపురపు ఆదిల్‌షాహీ సుల్తానుల తరపున ఆదవానిని ఏలిన సిద్ది మసూద్ ఖాను దీనిని కట్టించెను. ఇతడు హబ్సీ జాతివాడు. ఆఫ్రికా తూర్పుతీరమునుండి వచ్చి దక్కనులో సేనానులై, మంత్రులై పేరుగాంచిన వారిలో నొకడు. పన్హాళా కోటలో శివాజీని 1660లో ముట్టడించిన సిద్ది జోహరునకు అల్లుడు. బిజాపురమున కొంతకాలము రాజ్యభారమంతయు వహించి, అచ్చటి కలహములతో విసిగి, 1683లో ఆదవానికే మరలివచ్చెను. ఆ మసీదు నిర్మాణమునకు రెండులక్షలు వ్యయమయ్యెనని చెప్పుదురు. అతనికి దానియం దుండిన మక్కువకు ఆ లెక్క కంటె గొప్ప సాక్ష్యము మరియొకటి కలదు.

1686లో బిజాపురమును, 1687లో గోలకొండను గెలిచిన ఔరంగజేబు 1688లో తన సేనాని ఫిరోజ్ జంగును ఆదవాని పైకి పంపెను. ఈ ఫిరోజ్ జంగే హైదరాబాదు నిజాముల వంశమునకు మూలపురుషుడైన నిజాముల్ ముల్కునకు తండ్రి. మసూద్ ఖాను లొంగలేదు. కొండ యెక్కుట శత్రువులకు సాధ్యము కాలేదు. అంతట మొగలాయి సేన తన ఫిరంగులను కొండవైపు నుండి మరల్చి, పల్లములోని మసీదునకు గురిపెట్టెనట. తన ప్రాణము కంటె మసీదును ఎక్కువగా నెంచిన ఆ వృద్ధుడు అది చూచి కోట అప్పగించెనని ఇచ్చటి పరంపర. కథలో అతిశయోక్తి కొంత యుండవచ్చును. ఆ యేడు ఆగస్టులో కోట మొగలాయీల వశమగుట మాత్రము నిజము. నీటిప్రసక్తి లేక ముగిసిన ముట్టడి ఇదియొక్కటే. దానిలోనైనను ఓడినది గోడ కాదు. గోడకు వెలుపల విడిచిపెట్టిన వస్తువుపై మమకారము.

మసూద్ ఖాను పేరు హిందువులకును పరిచితమే. మంచాల గ్రామమును శ్రీ రాఘవేంద్రస్వామికి దానమిచ్చిన ఆదవాని నవాబు ఇతడే యనియు, స్వామిని అతనికి ఎరుకపరచినవాడు దివాను వెంకన్న పంతు అనియు మంత్రాలయపు భక్తులు చెప్పుకొందురు. 1671లో స్వామి బృందావన ప్రవేశము చేసిన ఆ మంచాలయే నేటి మంత్రాలయము. మసీదు కట్టినవాడే మఠమునకు నేల యిచ్చుట ఆనాటి వారికి వింతగా తోచలేదు కాబోలు; వింతగా తోచినచో ఆ కథ ఇన్నాళ్లు నిలిచియుండదు.

మసీదు విడిచి కొండదారి పట్టినచో ఊరి సందడి క్రమముగా క్రిందికి పోవును. ఇరుప్రక్కల ఏనుగులంతేసి గుండ్లు. ఒక గుండుపై మరియొక గుండు, దానిపై చిన్న గుండు, ఇప్పుడో మరియొక గడియకో దొర్లునట్లు నిలిచియుండును. ఎవరో పేర్చినట్లు తోచునుగాని ఎవరును పేర్చలేదు. ఈ రాయి రెండువందల యాబది కోట్ల ఏండ్ల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎండకు వానకు పగుళ్లుబట్టి, పగుళ్ల వెంబడి నీరు దిగి, మూలలు అరిగి, ఉల్లిపొరలవలె పొరపొరగా రాలి, బండలు గుండ్లైనవి. కోట కట్టినవారు ఈ గుండ్లను తొలగింపలేదు. వాని నడుమ సందులను మాత్రము గోడలతో మూసిరి. కావున దుర్గములో ఏది మనుష్యుల పని, ఏది ప్రకృతి పని యని విడదీసి చూపుట చాలచోట్ల కష్టము.

గుండ్ల నడుమ దొనలు కలవు. వాననీరు బండపై జారి వచ్చి పల్లములో నిలిచిన చోటును రాయలసీమవారు దొన యందురు. బండకు నీరు పీల్చు గుణము లేదు. కావున పడిన ప్రతి బొట్టును జారవలసినదే, చేరవలసిన చోటికి చేరవలసినదే. దుర్గనిర్మాతల తెలివి అంతయు ఇచ్చట నున్నది. జారు నీటిని వృథాగా పోనీయక, అడ్డుగోడలు పెట్టి, పగులులో నిలిపి, మెట్లు కట్టి దొనలను కోనేరులు చేసిరి. కొండకు సగమెత్తున బండచీలికలో నున్న గొప్ప జలాశయము ఎన్నడును ఎండియెరుగదని నూరేండ్ల క్రిందటి ఆంగ్లేయుల గ్రంథములలోనే వ్రాయబడినది. వెంకన్న బావి యని పిలువబడు మరియొకదానిని మసూద్ ఖాను దివానైన ఆ వెంకన్న పంతే త్రవ్వించెనందురు. మఠపు కథలో వినబడిన పేరు కొండమీద బావికి నిలిచియుండుట గమనింపదగినది. కొండరాళ్లపై జైన తీర్థంకరుల శిల్పములును కలవు. కోటకు ముందే ఈ గట్టుపై మనుష్యులు వసించిరనుటకు ఆ విగ్రహములే సాక్ష్యము. యుద్ధము నెరుగని ఆ మునులు ఈ కొండ నెన్నుకొనుటకును నీరే కారణమై యుండవలెను.

ఆ నీటి విలువ తెలియవలెనన్న ఆరువందల యేండ్ల క్రిందటి ఒక ముట్టడిని స్మరింపవలెను. 1375లో బహమనీ రాజ్యమునకు వచ్చిన ముజాహిద్ షా విజయనగరముపై కత్తిగట్టెను. అచ్చట బుక్కరాయలు ఏలుచుండెను. ముజాహిదు విజయనగరపు పొలిమేరవరకు పోయి, దానిని సాధింపలేక, చివరకు ఆదవానిని చుట్టుముట్టెను. తొమ్మిది నెలలు ముట్టడి సాగెనని ఫిరిస్తా వ్రాసెను. వేసవి ముదిరినకొలది కొండపై నీరు అడుగంటెను. గోడలు చెక్కుచెదరలేదు, ధాన్యమునకు కొరత లేదు, అయినను దుర్గములోనివారు కోట నప్పగించుటకు సిద్ధపడిరి. అంతలో వాన కురిసెను. దొనలు నిండెను, కోనేరులు నిండెను. కోటలోనివారు తమ మాట వెనుకకు తీసికొనిరి. అదే వాన దిగువన దండులో తిండికి కొరత తెచ్చెను, రోగము తెచ్చెను. వృద్ధ మంత్రి సైఫుద్దీన్ గోరీ హితవు విని సుల్తాను ముట్టడి విడిచెను. ఇంటికి చేరకమునుపే, 1378లో, బంధువుల కుట్రకు బలియయ్యెను. ఒక్క రాత్రి వాన ఒక రాజ్యపు సరిహద్దును నిలిపినదనుట కవిత్వము కాదు. మేఘములకై కన్నులు కాయలు కాయునట్లు చూచుట ఈ సీమవారికి క్రొత్తయునుగాదు.

దొనల వద్ద నుండి పైకి పోవు దారి బారాకిల్లాకు పోవును. పండ్రెండు కోటలని ఆ మాటకు అర్థము. బారాకిల్లా, తాలిబండ యనునవి ఐదింటిలో ఎత్తైనవి. మైదానమునుండి 800 అడుగులు లేచినవి. బారాకిల్లాపై పాత ఆయుధశాలయు, మందుగుండు కొట్టును, ఒక రాతి ఫిరంగియు నుండెనని వర్ణింపబడినది. బలము గలవారు శిఖరమెక్కి చుట్టును చూడవలెను. అలసినవారు నడుమనున్న బండపై కూర్చుండి చూచినను నష్టము లేదు. చూపునకు దొరకునది ఇంచుమించుగా అదియే.

పడమర సిరుగుప్ప వైపు నుండి ఉత్తరమున మంత్రాలయము వైపు తుంగభద్ర విల్లువలె వంగి పారుచున్నది. నది కంటికి స్పష్టముగా కానరాకున్నను దాని పల్లపు నేల తెలియుచునే యుండును. దక్షిణమున ఆలూరు గట్లు, ఆగ్నేయమున పత్తికొండ వైపు నేల. ఈశాన్యమున ఎమ్మిగనూరు. నడుమ నంతయు చదునైన రేగడి. అచ్చటచ్చట నేలలో నుండి తలయెత్తిన రాతిగుట్టలు, ఏటినీటిలో పండుకొన్న ఎనుములవలె కానవచ్చును. ఉదయపు మంచు విడుచువేళ ఒక గుట్ట వెనుక మరియొక గుట్ట నీలిరంగున తేలుచు రాగా, నడచివచ్చిన శ్రమ మరపునకు వచ్చును. అయితే ఆ నాటి కాపలావాడు ఈ అందము కొరకు చూడలేదు. ఏటివైపు దుమ్ము లేచుచున్నదా యని చూచెను. కృష్ణా తుంగభద్రల నడిమి దోయాబుకై రెండువందల యేండ్లు పోరాడిన రాజ్యములకు ఆదవాని కన్ను వంటిది.

వాయవ్యమున కౌతాళము కలదు. నేడది మండల కేంద్రము. సంతకు, పంటకు సంబంధించిన ఊరు. 1366లో బహమనీ మహమ్మద్ షా తుంగభద్రను దాటి ఈ సీమలోనికి వచ్చినపుడు బుక్కరాయల సేనతో జరిగిన మహాయుద్ధము ఈ కౌతాళము చేరువనే జరిగెనని చరిత్రకారులు నిర్ణయించిరి. ఆ యుద్ధమున విజయనగర సేన ఓడెను. ఆ యుద్ధమున ఫిరంగులు మ్రోగెననియు ఫిరిస్తా వ్రాసెను. ఆ గ్రంథకర్త రెండువందల యేండ్లు గడచిన పిమ్మట వ్రాసినవాడగుటచే, తన కాలపు ఫిరంగులను పూర్వులకు అంటగట్టెనని కొందరి అభిప్రాయము. ఆ తర్కము పండితులకు విడిచి, దక్షిణదేశమున తుపాకిమందు చరిత్ర చర్చకు వచ్చినపుడెల్ల మన కౌతాళము పేరు వచ్చుచున్నదని ఇచ్చటివారు తెలిసికొన్న చాలును.

విజయనగర రాజులు ఆదవానిని తమ అత్యవసర స్థానముగా నెంచిరి. ఆపద వచ్చినపుడు కుటుంబములతో వచ్చి తలదాచుకొనుటకు పనికివచ్చునని ఒకరి తరువాత ఒకరు దానిని బలపరచిరి. ఒకదానిలోపల ఒకటిగా పదునొకండు ప్రాకారములు, లోపల నీటితావులు, మేడలు నుండెనని ఫిరిస్తా వర్ణించెను. ఆ అత్యవసరము నిజముగా వచ్చిన దినమున, అనగా 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధమున రామరాయలు పడిన పిమ్మట, రాజకుటుంబము ఆదవానికి రాలేదు, పెనుగొండకు పోయెను. రాచఠీవికై కట్టిన పదునొకండు గోడలు రాజు లేకుండనే మిగిలిపోయెను. మూడేండ్లకు, 1568లో, బిజాపురపు అలీ ఆదిల్‌షా సేనాని అంకుశ్ ఖాను పెద్ద ముట్టడి తరువాత కోటను పట్టుకొనెను. లోపల నీటికి కొదవ లేకపోయినను ఫలము లేకపోయెను. పెనుగొండలో తిరుమలరాయలకు తన గద్దె నిలుపుకొనుటయే ప్రయాసగా నుండెను. సాయము పంపుటకు అతనికి తీరికయు లేదు, బలమును లేదు. దూరమున తనకు పెద్దదిక్కు లేనపుడు కోట ఒట్టి కొండయే యగును.

తాలిబండ వైపు తిరిగినచో బిజాపుర పాలన తరువాతి కాలము ఎదురగును. మలిక్ రహిమాన్ ఖానను హబ్సీ అధికారి ఆదవానిని 39 ఏండ్లు ఏలెను. అతని సమాధి తాలిబండపై కలదు. పరదేశమున పుట్టి, ఈ రేగడినేలను ఒక తరమునకు పైగా పాలించి, ఈ బండపై నిద్రించిన ఆ పురుషునిగూర్చి పుస్తకములలో నాలుగు వాక్యములకు మించి లేవు. దాడి చేసి ఊరు కాల్చిన వారిని గూర్చి పుటలు నిండ వ్రాసిన చరిత్రకారులు, ముప్పదితొమ్మిది పంటలు నెమ్మదిగా ఇంటికి చేరనిచ్చిన వానిని గూర్చి వ్రాయుటకు ఏమియు లేదని తలంచిరి కాబోలు!

18వ శతాబ్దిలో ఆదవాని నిజాము వంశపు జాగీరయ్యెను. నిజాముల్ ముల్కు మనుమడైన ముజఫర్ జంగు దీనికి ఏలిక. అతడు నిజాము పదవికెక్కి, 1751లో కడప సీమలోని లక్కిరెడ్డిపల్లె వద్ద హతుడయ్యెను. కొంతకాలమునకు నిజాముల్ ముల్కు కుమారుడైన బసాలత్ జంగునకు ఆదవాని దక్కెను. గుంటూరు సర్కారును ఇతనిదే. ఇంత దూరపు రెండు సీమలు ఒకే చేతిలో నుండుట ఇప్పుడు చదువువారికి వింతగా తోచును. ఇతని కాలమున హైదరాలి రెండుమారులు కోటపైకి వచ్చియు సాధింపలేకపోయెను. బసాలత్ జంగు 1782లో చనిపోగా ఆదవానిలోనే సమాధి చేసిరి.

అతని కుమారుడు మహబత్ జంగు కాలమున టిప్పు సుల్తాను వచ్చెను. అది 1786 జూన్. టిప్పు సేన కోట యెక్కబోయి వెనుకకు తగ్గెను. నిజాము సేనయు, పూనా నుండి వచ్చిన మరాఠీ సేనయు సాయమునకు వచ్చినందున టిప్పు కొంత దూరము జరిగెను కూడ. ఇంతవరకు కోటదే పైచేయి. అయితే ముంగారు వానలు మొదలుపెట్టెను. వెనుకనున్న తుంగభద్ర పొంగుటకు ఎక్కువ దినములు పట్టదు. ఏరు నిండినచో సాయమునకు వచ్చిన సేన ఇవతల చిక్కును. ధాన్యము అవతల నుండి రాదు. నాలుగువందల యేండ్ల క్రిందట కోటను కాపాడిన వానయే ఇపుడు కోటకు చేటయ్యెను. సేనానులు ఆలోచించి, మహబత్ జంగును, అతని అంతఃపురమును వెంటబెట్టుకొని, ఏరు పొంగకముందే దాటి రాయచూరు దారిపట్టిరి. ఫిరంగులను, సామానును విడిచిపోయిరి. పోరాడి ఓడని కోటలోనికి టిప్పు జూలైలో సులభముగా ప్రవేశించెను. పట్టణమును దోచి, ప్రాకారములను పడగొట్టించి, ఫిరంగులను గుత్తి, బళ్లారి కోటలకు తరలించెను. నేడు బాటప్రక్కన పడియున్న కట్టురాళ్లలో అనేకములు ఆ యేటివే యని తలంపవచ్చును.

ఆ పిమ్మట కోటకు యుద్ధచరిత్ర లేదు. 1800 అక్టోబరులో నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు వదలెను. దత్తమండలముల తొలి కలెక్టరుగా థామస్ మన్రో 1807 వరకు పనిచేసెను. ఆ దొర కోటల కంటె పొలముల గట్లు ఎక్కువగా చూచినవాడు. రైతు పేరు వ్రాసి, రైతుతోనే శిస్తు నిర్ణయించిన పద్ధతికి కారకుడు. మద్రాసు గవర్నరై, తిరిగి ఈ సీమ చూడవచ్చి, 1827 జూలైలో పత్తికొండలో కలరా సోకి మరణించెను. తరువాత బళ్లారి జిల్లాలో భాగముగా ఆదోని తాలూకా నిలిచెను. 1871లో మద్రాసు నుండి వచ్చిన రైలుదారి రాయచూరు వద్ద బొంబాయి దారితో కలియగా, ఆదోని ప్రత్తికి లోకమంతయు మార్కెట్టయ్యెను. ఐదేండ్లు తిరుగకమునుపే, 1876లో, రెండు ఋతువుల వానలును తప్పెను. 1878 వరకు సాగిన ఆ ధాత కరవు బళ్లారి జిల్లాను మిక్కిలి బాధించెను. కొండపై నీటి విషయమున ఇన్ని కథలు వ్రాసిన చరిత్రకు, దిగువ పల్లెలలో ఎండిన బావుల లెక్క వ్రాయుటకు చోటు చాలలేదు.

దిగుదారిలో రణమండల ఆంజనేయస్వామి కొండ చూడవలసినది. శ్రావణమాసమున భక్తులు గుంపులుగా మెట్లెక్కుదురు. దుర్గములో రాజులు పోయిన తరువాతను జనులు ఎక్కుట మానని కొండ ఇది. ఇచ్చటి మెట్లపై నుండి చూచినచో ఊరంతయు అరచేతిలో కానవచ్చును. మసీదు, రైలుదారి, ప్రత్తి జిన్నింగు మిల్లులు, మార్కెట్టు యార్డు. నాటి కాపలావాడు చూచిన మైదానమే ఇది. కాని చూడవలసిన వస్తువులు మారినవి.

1953లో రెండు గొప్ప మార్పులు వచ్చినవి. అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుండి విడిపోయి కర్నూలు జిల్లాలో చేరినవి. ఆ యేడే తుంగభద్ర జలాశయపు నీరు కాలువలలోనికి వచ్చెను. పూర్వము పొంగి కోటను పోగొట్టిన యేరు, దిగువ కాలువగా మారి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పొలములకు వచ్చినది. ఆదోని పట్టణము బసాపురము వద్ద వేసవి నిల్వ చెరువులో ఆ నీటినే పట్టి త్రాగుచున్నది. దొనలో వాననీరు పట్టినవారి వంశీకులు కాలువనీరు పట్టుచున్నారు. పనిలో తేడా లేదు, కొలతలోనే తేడా.

ఈశాన్యపు ఎమ్మిగనూరు వాన నమ్మక మగ్గమును నమ్మిన ఊరు. 1938లో మాచాని సోమప్ప పూనికతో అచ్చట చేనేత సహకార సంఘము వెలసెను. నేతగాండ్రకు నూలు, పని, కూలి ఒకేచోట దొరకునట్లు ఆయన చేసిన కృషికి 1954లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. ఆదోని జంపఖానాలకును ఒకప్పుడు మంచి పేరుండెను. ఈ సీమలో దుర్గముల కంటె ఎక్కువ మందిని కరవునుండి కాచినది మగ్గమే యనినచో కోటల అభిమానులు కోపగింపరాదు.

అయినను కాలువ చివరి పల్లెలకు నీరు చేరని యేండ్లు కలవు. అట్టి యేండ్లలో కౌతాళము, కోసిగి, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెలనుండి సుగ్గికని బండ్లకెత్తుకొని కుటుంబములకు కుటుంబములు గుంటూరు సీమకు ప్రత్తి తీయుటకు, మిరప కోయుటకు పోవుచుండును. పిల్లల చదువు నడుమ ఆగును. పల్లె గ్రంథాలయపు పుస్తకములు ఆ నెలలలో అరలలోనే యుండును. బసాలత్ జంగు ఆదవాని, గుంటూరు రెండింటిని ఒక చేత నేలెనని పైన చెప్పబడినది. అతని కాలమున శిస్తు నడచిన మార్గమున నేడు కూలి నడచుచున్నది. దుర్గ చరిత్రలో ఈ వలసకు చోటేమి యని అడుగువారుందురు. ముట్టడిలో కోటలోనివారు నీరు లేక దిగిరావలసివచ్చినది చరిత్రయైనపుడు, నీరు లేక ఊరు విడిచిపోవుట చరిత్ర కాకుండ పోదు.

ఈ ప్రదక్షిణమునకు తగిన కాలము వానలు కురిసి వెలిసిన పిమ్మట, శ్రావణము మొదలు కార్తికము వరకు. అపుడు దొనలు నిండియుండును, గుండ్ల నడుమ పచ్చిక మొలచును, దూరపు గట్లు స్పష్టముగా కానవచ్చును. వేసవిలో బండ మధ్యాహ్నమునకే కాలును. పాదరక్షలు లేక అడుగు పెట్టరాదు. కూలిన బురుజుల అంచులకు, కోనేరుల పాచిమెట్లకు పిల్లలను చేరనీయరాదు. కట్టురాళ్లపై పేర్లు చెక్కు అలవాటు మానవలెను. త్రాగునీరు ఎవరికి వారు క్రిందినుండియే మోసికొనిపోవుట మంచిది.